ఇన్సూరెన్స్ రేట్లు తగ్గితే థెరపీ క్లినిక్ ఎలా నెట్టుకురావాలి

అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ బీమా మెడికేర్, డాక్టర్ల ఫీజులు లెక్కగట్టడానికి వాడే కన్వర్షన్ ఫ్యాక్టర్ (సేవ విలువ పాయింట్లను డాలర్లలోకి మార్చే రేటు) 2020లో 36.09 డాలర్లు, 2025లో 32.35. 2026లో కాస్త పెరిగినా పాత అంకెను అందుకోలేదు. రేటు తగ్గింది కదా అని ఇంకో పదిమంది పేషెంట్లను తీసుకుంటే, ఖర్చు కూడా రాని సెషన్లే పెరుగుతాయి. ముందు లెక్క తేలాలి.

గత మూడు నెలల ఈఆర్‌ఏలు (ఏ క్లెయిమ్‌కు ఎంత చెల్లించిందీ ఇన్సూరెన్స్ కంపెనీ పంపే ఎలక్ట్రానిక్ వివరాలు) దించుకుని కంపెనీ, సేవకు వేసిన కోడ్, అలవ్డ్ అమౌంట్ (కంపెనీ ఒప్పుకున్న రేటు), చేతికొచ్చిన డబ్బు, పట్టిన రోజులు ఒక షీట్‌లో వేయండి. డినై అయిన (కంపెనీ చెల్లించనన్న) సెషన్లను సున్నాగా లెక్కలో ఉంచాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఉదాహరణకు ఒక కంపెనీ 90834కి (45 నిమిషాల థెరపీ సెషన్ కోడ్) 105 డాలర్లు ఒప్పుకుని 10 సెషన్లలో 2 ఎగ్గొడితే, మీకు దక్కేది 84. నెల ఖర్చు 9,000, సెషన్లు 100 అయితే ఒక్కో సెషన్‌కు ఖర్చు 90. అంటే అక్కడ నష్టానికే పనిచేస్తున్నారు.

తర్వాత డినయల్స్. ఎందుకు చెల్లించలేదో కంపెనీ ఒక కోడ్‌తో చెబుతుంది. సీఓ-16 అంటే క్లెయిమ్‌లో సమాచారం లోపం, సీఓ-197 అంటే ముందస్తు అనుమతి లేదు, సీఓ-29 అంటే గడువు దాటింది. చివరిదాన్ని వెనక్కి రాబట్టడం దాదాపు అసాధ్యం, పేషెంట్ నుంచి వసూలు చేయడానికీ సాధారణంగా కాంట్రాక్ట్ ఒప్పుకోదు. అందుకే క్లెయిములు వారానికి రెండుసార్లైనా పంపండి. జనవరిలో ప్లాన్లు మారతాయి కాబట్టి అందరి ఎలిజిబిలిటీ (ఇన్సూరెన్స్ అమల్లో ఉందో లేదో) మళ్లీ చూడాలి. కార్డు మీద ఒక కంపెనీ పేరుండి, మానసిక వైద్యం క్లెయిములు వేరే సంస్థకు వెళ్లే ప్లాన్లు కూడా ఉన్నాయి. కార్డు వెనక వైపు చదవకపోతే క్లెయిమ్ తిరిగొస్తుంది.

కోడింగ్‌లో నిమిషాలే డబ్బు. 90834కి 38 నుంచి 52 నిమిషాలు, పొడవైన సెషన్ కోడ్ 90837కి కనీసం 53. గంట స్లాట్ ఇచ్చి 50 నిమిషాలకే ముగిస్తే వచ్చేది 90834 రేటే. అలాంటప్పుడు స్లాట్‌నే 45 నిమిషాలు చేయడం మేలు. నోట్‌లో మొదలైన, ముగిసిన సమయాలు లేకుండా 90837 వేస్తే ఆడిట్‌లో డబ్బు వెనక్కి లాగేస్తారు. సైకియాట్రిస్టులు మందుల విజిట్‌తో పాటు కనీసం 16 నిమిషాల థెరపీ విడిగా చేస్తే విజిట్ కోడ్ 99214కి అదనపు థెరపీ కోడ్ 90833 కలపొచ్చు. మందుల గురించి మాట్లాడిన సమయం ఆ 16లోకి రాదు.

ఇక బేరం. కాంట్రాక్ట్‌లో రేటు ఏ ఏడాది మెడికేర్ ఫీజుకు ముడిపడి ఉందో చూడండి. సైకోథెరపీ కోడ్ల విలువను మెడికేర్ 2024 నుంచి నాలుగేళ్లలో విడతలుగా పెంచుతోంది. పాత ఏడాది దగ్గరే ఆగిపోయిన కాంట్రాక్ట్‌కు ఆ పెంపు తగలదు. రేటు పెంచమని కంపెనీకి రాసే ఉత్తరంలో అన్ని కోడ్లూ అడగొద్దు, మీ ఆదాయంలో ఎక్కువ భాగం తెచ్చే మూడు నాలుగు చాలు. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రతను కొలిచే ప్రశ్నావళి) స్కోర్లలో మెరుగుదల, కొత్త పేషెంట్‌కు ఎన్ని రోజుల్లో అపాయింట్‌మెంట్ ఇస్తారో రాయండి. తెలుగులో థెరపీ ఇవ్వగలిగితే అదీ రాయండి, చుట్టుపక్కల నెట్‌వర్క్‌లో అలాంటివారు దొరకడం కష్టం. పక్క క్లినిక్‌తో కూడబలుక్కుని మాత్రం రేటు అడగకండి. స్వతంత్ర క్లినిక్‌లు అలా చేస్తే యాంటీట్రస్ట్ (పోటీని దెబ్బతీసే కుమ్మక్కు) కేసు అవుతుంది.

ఒప్పుకోకపోతే ఆ కంపెనీ నుంచి బయటికి రావొచ్చు. నోటీసు గడువు కాంట్రాక్ట్‌లోనే ఉంటుంది. ఈలోగా కొత్తవారిని ఆపి, ఉన్నవారికి వేరే థెరపిస్టుల వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. సొంత డబ్బుతో కొనసాగేవారికి 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఖర్చు అంచనా ముందే కాగితం మీద ఇవ్వాలి.