రాక్ పాటలో బేస్ గిటార్‌ను పట్టుకుని వినే పద్ధతి

రాక్ సంగీతాన్ని ఏళ్ల తరబడి వింటున్నవారిని సైతం, మీకు నచ్చిన బృందంలో బేస్ గిటార్ వాయించేది ఎవరని అడిగితే చాలామంది తడుముకుంటారు. గాయకుడి పేరు, గిటారిస్టు పేరు నోటి చివరే ఉంటాయి. డ్రమ్మర్ పేరు కాస్త ఆలోచిస్తే గుర్తుకొస్తుంది. బేస్ వాయించే మనిషి మాత్రం ఫోటోలో ఓ పక్కన నిలబడినవాడిగానే మిగిలిపోతాడు. ఇందులో శ్రోత తప్పు కొంతే. ఆ వాద్యం పలికే మంద్ర స్థాయి, మనం పాట వినే పరికరం, రికార్డును తయారుచేసిన తీరు, ఈ మూడూ కలిసి దాన్ని మరుగున పడేస్తాయి. రోజుకు అరగంట చొప్పున కొన్నాళ్లు చెవికి పని చెబితే ఆ మరుగు చాలావరకు తొలగుతుంది. ఆ పని ఏ వరుసలో చేయాలో, అందుకు ఎవరి వాద్యం పనికొస్తుందో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా పరికరం సంగతి చూసుకోవాలి. నాలుగు తీగల బేస్‌లో అన్నింటికన్నా మంద్రమైన తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటార్‌లోని అడుగు తీగ దాదాపు 82 సార్లు, అంటే సరిగ్గా ఒక స్థాయి పైన, కంపిస్తుంది. సెల్‌ఫోన్‌లో ఉండే గోరంత స్పీకర్‌కు అంత కింది ధ్వనిని పలికించే శక్తి లేదు. అయినా బేస్ ఎంతో కొంత వినిపిస్తున్నట్టే అనిపించడానికి కారణం, ఆ తీగ నుంచి వాటంతట అవే పుట్టే పై స్వరాలను బట్టి మన మెదడు అడుగు స్వరాన్ని ఊహించుకోవడమే. ఊహతో సాధన సాగదు కనుక, చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్లు గానీ, ఓ మోస్తరు హెడ్‌ఫోన్లు గానీ వాడండి. ఇయర్‌ఫోన్ వదులుగా ఉంటే అన్నింటికన్నా ముందు జారిపోయేవి మంద్ర ధ్వనులే. మంద్ర ధ్వనులను పెంచే ‘బేస్ బూస్ట్’ మీట జోలికి మాత్రం వెళ్లకండి. అది బేస్ గిటార్‌తో పాటు డ్రమ్మర్ కాలితో మోగించే కిక్ డ్రమ్‌ను కూడా ఉబ్బించి, రెంటినీ కలిపి ఒకే ముద్దగా మారుస్తుంది.

ఇక మొదటి పాఠానికి, బేస్ ఒంటరిగా మొదలయ్యే పాటనే ఎంచుకోవాలి. వాషింగ్టన్ నగరానికి చెందిన ఫుగాజీ బృందం 1988లో విడుదల చేసిన ‘వెయిటింగ్ రూమ్’ ఇందుకు నాకు తెలిసినంతలో అన్నింటికన్నా అనువైనది. జో లాలీ బేస్ మీద ఒక చిన్న వరుసను ఎత్తుకుంటాడు. మిగతావారు వచ్చి చేరతారు. అంతలో పాట మొత్తం ఒక్కసారిగా ఆగిపోయి, కొన్ని సెకన్ల నిశ్శబ్దం తర్వాత మళ్లీ అందుకుంటుంది. మీరు చేయవలసింది ఇంతే: బేస్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ వరుసను కూనిరాగంగా పట్టుకోండి, నిశ్శబ్దంలో కూడా లోలోపల లెక్క తప్పకుండా ఉండండి, గిటార్లు, గొంతులు చుట్టుముట్టాక కూడా కూనిరాగాన్ని వదలకండి. గొంతు వినబడగానే చెవి దాని వెంట పరుగెత్తుతుంది. ఎక్కడ వదిలేశారో గమనించి, పాటను అక్కడికి వెనక్కి తిప్పి మళ్లీ పట్టుకోండి. మూడు సార్లకు కాకపోతే పది సార్లకు వస్తుంది.

రెండో పాటగా బోస్టన్‌కు చెందిన పిక్సీస్ బృందం 1989లో చేసిన ‘డిబేసర్’ తీసుకోవచ్చు. అది కూడా కిమ్ డీల్ బేస్‌తోనే తెరుచుకుంటుంది. బేసిస్టు కావాలని ఆ బృందం 1986లో ఇచ్చిన ప్రకటనకు స్పందించింది ఆమె ఒక్కతే. అప్పటికి ఆమెకు బేస్ వాయించే అలవాటు కూడా లేదు, సోదరి దగ్గర వాద్యం అరువు తెచ్చుకుని చేరింది. ఆమె వాయింపులో వేళ్ల గారడీ కనిపించదు. తీగలు మీటే చిన్న బిళ్ల, అంటే పిక్, పట్టుకుని, ఒక్కో మాత్రకు రెండేసి దెబ్బల చొప్పున, సమంగా నడిచిపోతుంది. పక్కన గాయకుడు కేకలు పెడుతున్నా, గిటార్ గీపెడుతున్నా ఆ నడకలో తొట్రుపాటు ఉండదు. ఇంత సులువుగా ఉన్నదాన్ని మెచ్చుకోవడమేమిటని అనిపిస్తే, ఆ నడకతో పాటు మేజా మీద వేలితో పాట చివరిదాకా కొట్టి చూడండి. ఎక్కడో ఒకచోట మీరు పరుగెత్తుతారు, ఆమె పరుగెత్తదు.

బేస్‌ను, కిక్ డ్రమ్‌ను విడదీసుకోవడం తర్వాతి మెట్టు. ఈ రెండూ తరచుగా ఒకే క్షణంలో పడతాయి కాబట్టి దెబ్బ మొదలయ్యే చోట తేడా తెలియదు, ముగిసే చోట తెలుస్తుంది. డ్రమ్ము ధ్వని వెంటనే చచ్చిపోతుంది. బేస్ స్వరం వేలు ఆపేదాకా నిలబడుతుంది. ఆ ఆపడం కూడా వాద్యంలో భాగమే. పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అనే బ్రిటిష్ బృందంలో బేసిస్టు జా వోబుల్ వాయింపు వింటే ఇది అరటిపండు ఒలిచినట్టు అర్థమవుతుంది. జమైకా సంగీతమైన రెగ్గే మీది ఇష్టంతో అతను స్వరాల మధ్య ఖాళీలను కూడా కొలిచి వదిలేవాడు. ఆ బృందం 1979లో తెచ్చిన ‘మెటల్ బాక్స్’ను లోహపు డబ్బాలో పెట్టిన 3 పన్నెండంగుళాల రికార్డులుగా, నిమిషానికి 45 తిరుగుళ్ల వేగంతో విడుదల చేశారు. ఒక్కో వైపు తక్కువ సంగీతం పెడితే గాళ్లు వెడల్పుగా కోసుకునే వీలుంటుంది, లోతైన బేస్‌కు ఆ వెడల్పు అవసరం. బేసిస్టు కోసం రికార్డు ఆకారమే మారడం ఎక్కడో గానీ జరగదు.

బేస్ ఎప్పుడూ అడుగునే ఉంటుందనుకోవడం పొరపాటు. జాయ్ డివిజన్ అనే బ్రిటిష్ బృందంలో పీటర్ హుక్ బేస్‌ను హెచ్చు స్వరాల తీగల మీద, మెడ మీద వాద్యపు పొట్టకు దగ్గరగా వాయించేవాడు. తన ఆంప్లిఫయర్ నాసిరకానిది కావడం వల్ల, అంత ఎత్తున వాయిస్తే తప్ప తనకు తాను వినిపించేవాడు కాదని అతనే చెప్పుకున్నాడు. 1979 నాటి ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’లో ప్రధానమైన వరుసను నేను చాలాకాలం గిటార్ అనే అనుకున్నాను.

ఇప్పుడు అసలైన పాఠం. కర్ణాటక సంగీతంలో గ్రహభేదం తెలిసినవారికి ఇది సులువుగా పట్టుబడుతుంది. శంకరాభరణం స్వరాలను అలాగే ఉంచి ధైవతాన్ని ఆధార షడ్జంగా భావిస్తే నఠభైరవి వస్తుంది. స్వరాలు మారలేదు, కాళ్ల కింది నేల మారింది, రసం మారింది. రాక్ బృందంలో ఆ నేలను జరిపే అధికారం బేసిస్టుది. గిటారిస్టు స, గ, ప కలిపి ఒకే తీరుగా మీటుతూ ఉండగా బేస్ షడ్జం వదిలి కింది ధైవతం మీదికి దిగితే, అంతదాకా నిండుగా, ఉల్లాసంగా ఉన్న మేళవింపు దిగులుగా ధ్వనిస్తుంది. గిటారిస్టు వేలు కూడా కదపలేదు. కాబట్టి పాటలో ఎక్కడైనా ఉన్నట్టుండి గుండె జారినట్టు అనిపిస్తే, గిటార్ మారిందా లేక బేస్ దిగిందా అని చూసుకోండి. ఇళయరాజా పాటలతో పెరిగిన తెలుగు చెవికి ఈ విద్య అప్పటికే కొంత వచ్చి ఉంటుంది, ఎందుకంటే గొంతు పాడే వరుస కింద బేస్ తనదైన మరో వరుసను నడపడం ఆయన పాటల్లో మామూలే.

రెండు వరుసల సంభాషణను విప్పి చూపించే పంక్ బృందం కావాలంటే కాలిఫోర్నియాలోని శాన్ పేడ్రోకు చెందిన మినిట్‌మెన్‌ను వినాలి. అక్కడ గిటారిస్టు డి. బూన్ తన గిటార్ ధ్వనిలోని మంద్ర భాగాన్ని కావాలనే కోసేసి సన్నగా, కీచుగా ఉంచుకునేవాడు. కింద మిగిలిన చోటంతా మైక్ వాట్ బేస్‌కు వదిలేశాడు. 1984లో వచ్చిన వారి జంట రికార్డు ‘డబుల్ నికెల్స్ ఆన్ ది డైమ్’లో నలభైకి పైగా పాటలున్నాయి, చాలావరకు రెండు నిమిషాలు కూడా దాటవు. రోజుకు 3 చొప్పున, ఒకసారి బూన్ వెంట, ఒకసారి వాట్ వెంట నడిచి వినండి. బూన్ 1985 డిసెంబరులో వ్యాను ప్రమాదంలో మరణించాడు. బేస్‌కు ఇంత చోటు ఇచ్చిన గిటారిస్టు నాకు మరొకరు కనిపించలేదు.

ఇంత సాధన చేసినా కొన్ని రికార్డుల్లో బేస్ వినిపించదు. అప్పుడు మీ చెవిని తిట్టుకోకండి. హెవీ మెటల్ బృందం మెటాలికా 1988లో విడుదల చేసిన ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. బస్సు ప్రమాదంలో చనిపోయిన క్లిఫ్ బర్టన్ స్థానంలో వచ్చిన జేసన్ న్యూస్టెడ్ బేస్‌ను మిక్సింగ్‌లో, అంటే వాద్యాల ధ్వనుల పాళ్లు కలిపే దశలో, దాదాపు లేనట్టే చేశారు. అక్కడ వెతకడం వృథా.

చివరిగా, రికార్డు అట్ట మీద పేర్లు చదివే అలవాటు చేసుకోండి. మాంచెస్టర్‌లోని ద స్మిత్స్ బృందం పాటల కింద రచయితలుగా ఉండేవి గాయకుడు మోరిసీ, గిటారిస్టు మార్ పేర్లే. రికార్డులు, కచేరీల ఆదాయంలో ఆ ఇద్దరికీ 40 శాతం చొప్పున వెళితే, బేస్ వాయించిన ఆండీ రూర్క్‌కు, డ్రమ్మర్ మైక్ జాయిస్‌కు దక్కింది 10 శాతం చొప్పునే. జాయిస్ కోర్టుకెక్కి 1996లో నాలుగో వంతు వాటా గెలుచుకున్నాడు. డబ్బు ఇబ్బందుల్లో ఉన్న రూర్క్ అంతకు చాలా ముందే 83,000 పౌండ్లు తీసుకుని, అదే 10 శాతానికి రాజీపడిపోయాడు. 2023లో, 59 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో మరణించాడు. 1985 నాటి ‘బార్బరిజం బిగిన్స్ ఎట్ హోమ్’ను పూర్తి నిడివిలో, దాదాపు 7 నిమిషాలూ, ఆ లెక్క మనసులో ఉంచుకుని వినండి, ఫంక్ ఛాయలున్న ఆ బేస్ వరుసను ఈసారి కూనిరాగంగా పట్టుకోవడానికి మీకు రెండు నిమిషాలకు మించి పట్టదు.