ఫస్ట్ డేట్‌కి వెళ్లేముందు బుర్రలో లెక్కలు ఒకసారి చూస్కోండి

చెయ్యి పట్టుకుంటారా, ముద్దు దాకా వెళ్తుందా, కాఫీ తాగేసి బై చెప్పేస్తారా, చాలామంది ఇవన్నీ ఇంటి దగ్గరే డిసైడ్ అయిపోయి వస్తారు, అవతలి మనిషి మొహం కూడా సరిగ్గా చూడకముందే. సో రెడీ అయ్యేటప్పుడే మీ లెక్క ఎక్కడ్నుంచి వచ్చిందో కాస్త చూస్కోండి.

ఎవరు పిలిచారు? అమ్మాయి ముందు అడిగిందంటే కొంతమంది మగాళ్లు ఇంక ఊహల్లో ఎక్కడికో వెళ్లిపోతారు. తను అడిగింది కలుద్దామని, అంతే కదా. మందు ఉండే చోట కలుద్దాం అన్నా అదే కథ, పైగా తాగాక మన ఆశే కళ్లముందు కనిపిస్తది, అవతలివాళ్లు కాస్త వెనక్కి జరిగింది కనపడదు.

నవ్వుని తప్పుగా చదవడం ఇంకా పెద్ద గోల. 1982లో ఆంటోనియా ఆబీ అనే సైకాలజిస్ట్ ఒక స్టడీ చేసింది, ముక్కూమొహం తెలీని అబ్బాయి, అమ్మాయి 5 నిమిషాలు మాట్లాడుకుంటుంటే ఇంకో అబ్బాయి, ఇంకో అమ్మాయి చాటుగా చూశారు. మాట్లాడినవాడూ, చూసినవాడూ ఇద్దరూ ఆ అమ్మాయి కవ్విస్తోందన్నట్టు రేటింగ్ ఇచ్చారు, ఆడవాళ్లకి మాత్రం అంత అనిపించలేదు. నేను కూడా ఒకసారి ఇలాగే మర్యాదని ఇంట్రెస్ట్ అనుకుని బకరా అయ్యాను లెండి.

ఇంక చాటింగ్. అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు చేసుకుంటే ఏళ్లుగా తెలిసినట్టు ఉంటది, ఎదురుగా కూర్చుంటే కొత్త మనిషే. ఫ్రెండ్స్ కథలు కూడా నమ్మొద్దు, వాళ్లు చెప్పేవి హిట్లు మాత్రమే, ఫ్లాపులు చెప్పరు.

బిల్లు గొడవ లేకుండా సగం సగం అని ముందే అనేసుకోండి, కట్టినవాళ్లకి ఏదో బాకీ ఉన్నామన్న ఫీలింగ్ రాదు.

మీకు నెమ్మదిగా వెళ్లడం ఇష్టమైతే ముందురోజే "ఫస్ట్ టైం కదా, ఊరికే కబుర్లు చెప్పుకుందాం" అని ఒక మెసేజ్ పెట్టేయండి. దగ్గరవ్వాలనిపిస్తే "ముద్దు పెట్టుకోవచ్చా?" అని అడగండి, అడిగితే మూడ్ పోతుందనేవాళ్ల మాట పట్టించుకోకండి, అడక్కుండా మీదకొస్తే పోయేంత పోదు. సైలెంట్‌గా ఉన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు. "ఇవాళ వద్దు" అన్నారనుకోండి, ఎందుకని లాగకుండా "ఓకే" అనేసి కబుర్లు ఎక్కడ ఆగాయో అక్కడ్నుంచి మొదలెట్టండి.