లోయర్ ఆర్మ్ పగిలితే వెల్డింగ్ పెట్టించబాకండి, ఇంటికాడే మార్చుకోండి

చీమకుర్తి వైపు గ్రానైట్ టిప్పర్లు తిరిగే రోడ్ల మీద కారు నడిపేవాళ్ళకి ఈ శబ్దం తెలిసే ఉంటది, గుంతలో చక్రం పడగానే ముందు టక్కున కొట్టిద్ది, బ్రేక్ తొక్కితే బండి ఒక పక్కకి లాగిద్ది. చాలాసార్లు అది లోయర్ ఆర్మ్, అంటే ముందు చక్రాన్ని బండి అడుగు చట్రానికి పట్టి ఉంచే చెయ్యి లాంటి భాగం, దాని బుష్షో (చట్రం వైపు రబ్బరు కీలు), బాల్ జాయింటో (చక్రం వైపు గుండ్రటి కీలు) పోయి వచ్చేదే. కింద పడుకుని లైటేసి చూసినప్పుడు ఆర్మ్ రేకు మీద సన్నగా పగులు కనపడితే మాత్రం మనోళ్ళు నేరుగా వెల్డింగ్ షెడ్డుకి పోతారు. నేనూ అదే చేశా. నాలుగు నెల్లకి వెల్డింగ్ పక్కనే ఇంకో పగులు, హైవే మీద పిల్లలతో పోయేటప్పుడు తెగుంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమే.

ఎందుకట్టా అంటే, చిన్న కార్లల్లో ఆర్మ్ ఎక్కువగా అచ్చు కొట్టిన పల్చటి ఉక్కు రేకు. బ్రేక్ వేసినా, మలుపు తిరిగినా, గుంతలో పడినా ఆ బరువంతా దాని మీదే, ఒకసారి ఇటు ఒకసారి అటు లాగుతానే ఉంటది. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారిపోద్ది, తర్వాత పగులు అక్కడే మొదలవుద్ది. పైగా వేడికి బుష్ రబ్బరు ఉడికిపోద్ది, ఆర్మ్ కొంచెం వంగినా చక్రం కోణం మారి టైరు ఒక పక్కే అరిగిపోద్ది. బండి ఎత్తు కోసం ఆర్మ్ కోసి పొడుగు చేసే పని అసలు చేయబాకండి, అది మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల మీదున్న సెక్షన్ 52 దాకా పోయే యవ్వారం.

కొత్త ఆర్మ్ బుష్షులతో సహా దొరుకుద్ది, చాలా బండ్లకి బాల్ జాయింటు కూడా దాంతోనే వస్తది. ముందురోజే బోల్టులకి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి పెట్టండి, కొత్తపట్నం, ముత్తుకూరు లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో అయితే రెండు మూడు సార్లు కొట్టాలి, ఉప్పుగాలికి బోల్టు పట్టేసి ఉంటది. ఎండెక్కకముందే, గట్టి నేల మీద మొదలుపెట్టండి. హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి చెక్కలు పెట్టి, చక్రం నట్లు కాస్త వదులు చేసి ముందు రెండు వైపులా లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఒక్క వైపే లేపితే స్టెబిలైజర్ రాడ్డు (రెండు వైపుల చక్రాల్నీ కలిపే కమ్మీ) బిగుసుకుని పని సాగదు. ఒక్క జాకీని నమ్ముకుని మాత్రం కిందకి దూరబాకండి.

చక్రం తీశాక బాల్ జాయింటు పట్టుకున్న బోల్టు పూర్తిగా బయటికి లాగాలి, చాలా చిన్న కార్లల్లో అది జాయింటు గాడిలోంచి పోయుంటది కాబట్టి సగం వదులు చేసి సుత్తితో కొడితే రాదు. తర్వాత ఆర్మ్‌ని గడ్డపారతో కిందకి నొక్కండి. ఊడింతర్వాత చక్రం హబ్బుని మరీ బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కమ్మీ) లోపలి జాయింటు జారిద్ది, హబ్బుని తాడుతో కట్టుకోండి. ఇంక మిగిలింది బుష్షుల బోల్టులే, విప్పి కొత్త ఆర్మ్ పెట్టేయండి.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. చక్రం గాల్లో వేలాడతా ఉన్నప్పుడు బుష్ బోల్టులు బిగించేస్తారు. రబ్బరు ఆ కిందకి దిగిన స్థితిలోనే పట్టుకుంటది, బండి నేల మీదకి రాగానే అది మెలిపడి అట్టాగే ఉండిపోద్ది, కొత్త బుష్ కూడా కొన్ని నెలల్లోనే చిరిగిపోద్ది. అందుకని వాటిని చేత్తో పట్టేంతవరకే తిప్పి, చక్రాలేసి బండి దించి, రెండుసార్లు ముందుకీ వెనక్కీ కదిపి, బరువు చక్రాల మీద ఉండగా మాన్యువల్‌లో రాసిన టార్కుకి (బిగింపు బలానికి) బిగించండి. బాల్ జాయింటు బోల్టు మాత్రం చక్రం వేయకముందే బిగించేయాలి.

అదేరోజు అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం) చేయించండి, యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఇంకోసారి చూసుకోండి. పాత ఆర్మ్‌ని గ్రైండర్‌తో రెండు ముక్కలు చేసి పాత ఇనుముకి వేయండి, ఊరికే పారేస్తే ఎవరో వెల్డింగ్ పెట్టి ఇంకో బండికి ఎక్కిస్తారు.