సెప్టిక్ ట్యాంక్ బురదను ఇంటి చెత్తతో కలిపి ల్యాండ్‌ఫిల్‌లో శుద్ధి చేయడం ఎలా?

సెప్టిక్ ట్యాంక్ నుంచి తోడిన బురదలో సాధారణంగా నూటికి 97 పాళ్లు నీరే. ఆ నీటితో సహా ట్యాంకర్‌ను చెత్తకుప్ప మీద ఖాళీ చేస్తే అది శుద్ధి కాదు, కాలుష్యాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడమే. నీరు తీసిన తరువాత కలిపితే మాత్రం రెండింటికీ మేలు జరుగుతుంది: ఎండు చెత్త కుళ్లడానికి కావలసిన తేమ, నత్రజని, సూక్ష్మజీవులు బురద నుంచి అందుతాయి, బురదలో మిగిలిన తడిని కాగితం, ఆకులు, గుడ్డపీలికలు పీల్చుకుంటాయి.

మొదట ల్యాండ్‌ఫిల్ (చెత్తను పొరలుగా పూడ్చే స్థలం) అడుగు భాగాన్ని చూడాలి. గట్టిగా దిమ్మిస చేసిన సుమారు 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపైన 1.5 మిల్లీమీటర్ల మందమైన ప్లాస్టిక్ పొర, ఆపైన ఊటనీటిని, అంటే చెత్త గుండా దిగివచ్చే మురికినీటిని, బయటికి తెచ్చే కంకర, గొట్టాలు ఉండాలి. ఇవి లేని డంపింగ్ యార్డులో ఈ పద్ధతిని అసలు మొదలుపెట్టకూడదు.

రెండవది, వచ్చిన ప్రతి ట్యాంకర్‌ను తనిఖీ చేయడం. నూనె తేలుతున్నా, రసాయనాల వాసన వస్తున్నా దాన్ని వెనక్కి పంపాలి. పరిశ్రమల వ్యర్థం ఒక్కసారి కలిస్తే మొత్తం బురద పాడవుతుంది.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆరబెట్టడం. కింద కంకర, పైన ఇసుక పరచి, అడుగున గొట్టం అమర్చిన మడుల్లో బురదను 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తుకు మించకుండా నింపాలి. కొంత నీరు ఇసుక గుండా దిగిపోతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది. దీనికి వాతావరణాన్ని బట్టి కొన్ని వారాలు పట్టవచ్చు. వానలు ఎక్కువగా ఉన్న చోట పైకప్పు తప్పదు. ఏళ్ల తరబడి ట్యాంకులో నిలిచిన బురద త్వరగా ఆరుతుంది కాని, తరచూ ఖాళీ చేసే పబ్లిక్ మరుగుదొడ్ల బురద అంత సులభంగా నీటిని వదలదు, కనుక రెండింటినీ వేరు వేరు మడుల్లో పోయడం మంచిది. ఫలితం ఎంత పెద్దదో ఒక లెక్కతో తెలుస్తుంది: 10,000 లీటర్ల ట్యాంకర్‌లో 2 శాతం ఘనపదార్థం ఉంటే అది 200 కిలోలు, బురదను 20 శాతం ఘనపదార్థం వరకు ఆరబెడితే మోయవలసిన బరువు దాదాపు 10 టన్నుల నుంచి ఒక టన్నుకు తగ్గుతుంది. మడి నుంచి దిగిన నీటిని కాలువలోకి వదలకుండా ఊటనీటితో పాటు శుద్ధికి పంపాలి.

దుర్వాసన, ఈగల బాధ ఎక్కువగా ఉన్నప్పుడు కొందరు సున్నం కలుపుతారు. సున్నం రోగక్రిములను చంపుతుంది, నిజమే. అయితే చెత్తను కుళ్లించే సూక్ష్మజీవులను కూడా అణచివేస్తుంది కాబట్టి దాన్ని అలవాటుగా మార్చుకోకూడదని నా అభిప్రాయం.

నాల్గవది కలపడం. తడి ఎక్కువైన కుప్ప వాలు జారి కూలిపోతుంది, కనుక ఒక పాలు ఆరిన బురదకు పది పాళ్ల చెత్తతో మొదలుపెట్టడం క్షేమం. మిశ్రమాన్ని పలుచని పొరలుగా పరచి, యంత్రంతో అణచి, ఆ రోజు పని ముగిసేలోపే సుమారు 15 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. పనివారికి చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు, ధనుర్వాతం టీకా ఇవ్వకుండా ఈ పని చేయించడం అన్యాయం. బురద నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియకుండా పోతుంది, కనుక వాసన లేదని ఎవరూ గుంటల్లోకి దిగకూడదు.

ఐదవది వాయువు. కుళ్లడం వేగం పుంజుకున్న కొద్దీ మీథేన్ కూడా ఎక్కువగా పుడుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. అందుచేత వాయువును తోడే గొట్టాలను చెత్త నింపుతున్నప్పుడే నిలబెట్టి, వచ్చిన వాయువును మండించడమో ఇంధనంగా వాడడమో చేయాలి.

చివరగా, భూగర్భజలం వచ్చే వైపు ఒకటి, పోయే వైపు కనీసం రెండు పరీక్షా బావులు తవ్వి, అమ్మోనియా, నైట్రేట్, క్లోరైడ్, మలసంబంధ బాక్టీరియా కోసం క్రమం తప్పకుండా నీటిని పరీక్షించాలి. ల్యాండ్‌ఫిల్ మూసివేసిన తరువాత కూడా ఈ పరీక్షలు కొనసాగాలి. ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉండగలవు కనుక ఆ నేలలో కూరగాయలు పండించకూడదు.