సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు లైసెన్సులో జిల్లా పేరు చూసుకోండి
పాత చిత్తూరు జిల్లా పేరుతో లైసెన్సు ఉంటే ఒకసారి తీసి చూడండి. 2022 ఏప్రిల్ 4 నుంచి రేణిగుంట, శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిత్తూరు, తిరుపతి రెండు జిల్లాల్లోనూ గార్డులుంటే లైసెన్సులో రెండు జిల్లాలూ ఉండాలి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణకు తెచ్చిన 2005 చట్టం ప్రకారం లైసెన్సు ఫీజు ఒక జిల్లాకు 5,000, ఐదు జిల్లాల దాకా 10,000, రాష్ట్రమంతటికీ 25,000 రూపాయలు. గడువు ఐదేళ్లు; అది తీరడానికి కనీసం 45 రోజుల ముందే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టాలి.

అసలు దెబ్బ తగిలేది డీఏ (ధరలను బట్టి కనీస వేతనంలో పెరిగే కరువు భత్యం) దగ్గర. ఏప్రిల్, అక్టోబరుల్లో కార్మిక శాఖ ఉత్తర్వు తప్పక చూడండి. కనీస వేతనం పెరిగితే, పీఎఫ్, ఈఎస్ఐతో సహా బిల్లు రేటు కూడా పెరుగుతుందని క్లయింటుతో అగ్రిమెంటులో ముందే రాయించుకోండి. లేకపోతే ఆ తేడా గార్డు జీతం మీద పడుతుంది, అది అన్యాయం.