సేఫ్టీ రిజిస్టర్‌లో అంతా ఓకే, హాల్లో మాత్రం కాదు: సమస్య - పరిష్కారం

సమస్య: షోలు జరిగే హాల్లో భద్రతా తనిఖీలు రాసే రిజిస్టర్‌లో నెలంతా ఒకే పెన్ను, ఒకే సంతకం, గడిగడికీ టిక్కు.
కారణం: తనిఖీకి వస్తున్నారని తెలిసి ముందురోజు రాత్రి కూర్చుని నింపేశారు. సిబ్బందిని తిట్టి లాభం లేదు. ఫారం అడిగిందే టిక్కు.
పరిష్కారం: దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప రాయలేనిది అడగండి. అగ్నిమాపక సిలిండర్ నంబరు, ప్రెషర్ చూపే గేజులో ముల్లు ఎక్కడుంది, సీలు ఉందా, చూసిన టైమెంత. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజే ఉండదు, తూకం వేసి చూడాలి. దాని ఎదురుగా 'ప్రెషర్ ఓకే' అని ఉందంటే ఆ వరసలో మిగతా రాతలనూ నమ్మకండి. ఎమర్జెన్సీ లైటుకైతే కరెంటు తీశాక ఎన్ని నిమిషాలు వెలిగిందో రాయాలి.

సమస్య: తనిఖీలన్నీ పాసయ్యాయి, అసలు ప్రమాదం ఎక్కడా నమోదు కాలేదు.
2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్ తగలబడి 100 మంది చనిపోయారు. వేదిక చుట్టూ అతికించిన ఫోమ్‌కు బాణసంచా రవ్వలు అంటుకున్నాయి. అంతకుముందు అక్కడ తనిఖీలు జరిగినవే. ఫోమ్ సంగతి మాత్రం వాటిలోకి ఎక్కలేదు.
కారణం: ఫారంలో లేనిది కంటికీ ఆనదు.
పరిష్కారం: 'కిందటిసారి నుంచి ఏం మారింది?' అని ఒక గడి పెట్టండి. గోడలు, సీలింగు, వేదిక, అదనపు కుర్చీలు, కొత్త తాళాలు. కుర్చీలు మారాయంటే, ప్రమాదంలో జనాన్ని బయటికి పంపే ప్లాను కూడా అదే రోజు మారాలి.

సమస్య: 'వెనక గేటు బిగుసుకుంది' అని మూడు నెలలుగా రాస్తూనే ఉన్నారు.
కారణం: రాసేవాళ్లు ఒకరు, బాగుచేయించాల్సినవాళ్లు ఇంకొకరు. ఆ రెండోవారు రిజిస్టర్ ముట్టుకోరు.
పరిష్కారం: అదే వరసలో బాధ్యుల పేరు, గడువు, బాగయ్యాక మళ్లీ తెరిచి చూసినవారి సంతకం ఉండాలి. గడువు దాటితే షోకి తలుపులు తీసేముందే మేనేజరు సంతకం పెట్టాలి. కాస్త మొండిగా అనిపించినా, పని అయ్యేది ఇలాగే.

సమస్య: టికెట్ల లెక్కకూ లోపలి జనానికీ పొంతన లేదు.
పాసులవాళ్లు, కళాకారులు, సిబ్బంది లెక్కలోకి రాలేదు. గేటు దగ్గర లోపలికి, బయటికి విడివిడిగా లెక్కపెట్టి గంటగంటకూ రాయండి.

సమస్య: డ్రిల్ పేజీలో 'జరిగింది' అని ఒక్క ముక్కే.
అలారం మోగిన టైమ్, ఆఖరి మనిషి బయటపడ్డ టైమ్, జనం ఆగిపోయిన చోటు, ఈ మూడూ రాయించండి.

సమస్య: రిజిస్టర్ తాళం వేసిన ఆఫీసు గదిలో ఉంది.
ప్లాను, తాజా తనిఖీ పేజీల నకలు ఒకటి మెయిన్ గేటు దగ్గర, ఇంకోటి వేరే భవనంలో ఉంచండి.