బాల్కనీ తలుపుకి అయస్కాంతం అలారం

మనం వంటింట్లో ఉండగా బుడ్డోడు చప్పుడు కాకుండా బాల్కనీ తలుపు తీసేస్తున్నాడా? రెండు ముక్కల అయస్కాంతం అలారం పెట్టండి, తలుపు తీయగానే ముక్కలు దూరమై మోగుతుంది. పెద్ద ముక్క ద్వారబంధానికి, అయస్కాంతం తలుపు రెక్కకి. గొళ్ళెం వైపు, పిల్లల చేతికందని ఎత్తులో. తలుపు మడతబందుల వైపు పెడితే తలుపు బాగా తెరుచుకున్నాక గానీ మోగదు. ముందు స్పిరిట్‌తో తుడిచి, ఆరాక డబుల్ టేప్‌తో అతికించి అర నిమిషం గట్టిగా నొక్కాలి. తలుపు మూస్తే ముక్కల మధ్య సందు 1 సెంటీమీటరు దాటకూడదు. దాటితే ఊరికే మోగుతుంది, విసుగొచ్చి మనమే ఆపేస్తాం. ఇనుప తలుపు మీద అయస్కాంతం ప్రభావం తగ్గుతుంది, కింద చిన్న చెక్కముక్క వేయండి. చాలావాటిలో బటన్ సెల్సే (బొత్తాం లాంటి చిన్న బ్యాటరీలు) ఉంటాయి, మింగితే ప్రాణాపాయం. బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్నదే కొనండి. ఇది మోగుతుందే గానీ పిల్లాడిని ఆపదు, పై గొళ్ళెం వేయాల్సిందే.